కాందిశీక చిత్రకారుడి ఇంటి ఫొటోలు: రేకు పెట్టె నుంచి క్యాటలాగ్ దాకా

విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఎక్కడ అంటే దారి చెప్పేవారు చాలామందే ఉన్నారు గానీ, ఆ పేరు ఎందుకు వచ్చిందంటే చెప్పగలిగేవారు తగ్గిపోతున్నారు. 1962 మార్చిలో జనరల్ నె విన్ బర్మాలో అధికారం చేజిక్కించుకున్నాడు. 1964లో దుకాణాలూ వ్యాపారాలూ ప్రభుత్వపరమై, 50, 100 క్యాట్ నోట్లు రద్దయ్యేసరికి, తరాల తరబడి అక్కడే బతికిన భారతీయులు ఉన్నవి వదులుకుని ఓడలెక్కారు. వారిలో ఈ ఊరు చేరిన తెలుగువారిని ప్రభుత్వ కాగితాలు బర్మా కాందిశీకులు అన్నాయి. వారిలో కూలీలు, గుమాస్తాలు, వర్తకులతో పాటు నాటక తెరలు చిత్రించినవారు, బోర్డులు రాసినవారు, ఫొటో స్టూడియోల్లో పనిచేసినవారు కూడా ఉన్నారు. అలాంటి ఒక చిత్రకారుడి ఇంట్లో మిగిలిన ఫొటోలు ఒక గ్రంథాలయానికో, విశ్వవిద్యాలయ శాఖకో, నేను స్వచ్ఛందంగా పనిచేస్తున్నటువంటి, పాత పత్రాలూ ఫొటోలూ భద్రపరిచే చిన్న ఆర్కైవ్‌కో చేరినప్పుడు వాటిని ఎలా అందుకోవాలో, ఎలా చదవాలో, ఎలా నమోదు చేయాలో ఇక్కడ వివరిస్తాను.

మొదటే ఒక సంగతి స్పష్టం చేయాలి. ఉన్న ఊళ్లోనే బతికిన కుటుంబం ఫొటోలను ఇల్లే కాపాడుతుంది. ఫలానా గోడ, ఫలానా బీరువా అని చెప్పేవారు ఉంటారు. దేశం వదిలి వచ్చిన కుటుంబానికి ఆ గోడ లేదు. సామానులో దేనికి చోటిచ్చారు, దేన్ని వదిలేశారు అన్న నిర్ణయం ఒక్కటే వాళ్ల వెంట వచ్చింది. అందుకే అలాంటి పెట్టెలో విడి ఫొటో ఎంత ముఖ్యమో, అది ఏ ఫొటో పక్కన, ఏ కవరులో, ఏ గుడ్డ మూటలో ఉంది అన్నదీ అంతే ముఖ్యం. ఈ పనిలోని మెళకువలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

పెట్టె తెరిచిన రోజు

పెట్టెను కుటుంబం ఇంట్లోనే, కుటుంబ సభ్యుల ఎదుటే తెరవండి. ఆర్కైవ్‌కు తెచ్చాక తీరిగ్గా చూద్దామనుకుంటే, ఆటోలో కుదుపులకు వరుస చెదిరిపోవడం అటుంచి, పెట్టె తెరుచుకున్న క్షణంలో ఇంట్లోని పెద్దవారి నోట వచ్చే మాటలు పోతాయి, అవి మళ్లీ రావు. చేతికి తొడుగులు వేసుకుని, దేన్నీ కదపకముందే పైనుంచి ఒక ఫొటో, పక్కలనుంచి రెండు ఫొటోలు ఫోనుతో తీసుకోండి. తర్వాత ఒక్కో పొర తీసే ముందు ఆ పొరను ఉన్నదున్నట్టు ఒకసారి తీయండి. ఇలా పొరకొక ఫొటో ఉంటే, తర్వాత ఎప్పుడైనా పెట్టెను కాగితం మీద యథాతథంగా మళ్లీ సర్దుకోవచ్చు. పెట్టె అడుగున పరిచిన వార్తాపత్రిక ముక్కను కూడా పారేయకూడదు. దాని మీది తేదీ ఒక్కోసారి పెట్టె చివరిసారి సర్దిన సంవత్సరాన్ని పట్టిస్తుంది.

ఈ సంగతి నాకు తప్పు చేశాకే తెలిసింది. కొన్నేళ్ల క్రితం మా చేతికి వచ్చిన మొదటి పెట్టెలో 140కి పైగా ఫొటోలు ఉన్నాయి. రంగూన్‌లో నాటక కంపెనీలకు తెరలు చిత్రించి, ఇక్కడికి వచ్చాక బోర్డులు రాసి బతికిన ఒక చిత్రకారుడివి అవి. ఉత్సాహం కొద్దీ ఒక్క మధ్యాహ్నంలో వాటన్నిటినీ మనుషుల వారీగా విడదీశాను: తాతగారివి ఒక కుప్ప, మామ్మగారివి ఒక కుప్ప, పిల్లలవి ఒకటి, పెళ్లిళ్లవి ఒకటి. చూడటానికి ముచ్చటగా కనిపించింది. నెల తర్వాత ఆయన కూతురు వచ్చి, "నాన్న ఒక జేబురుమాల్లో మడిచి తెచ్చుకున్నవి ఆరు ఉండాలి కదండీ, అవేవి?" అని అడిగారు. రుమాలు మా దగ్గర ఉంది. అందులో ఏ ఆరు ఉండేవో చెప్పే మార్గం లేదు. ఓడ ఎక్కేటప్పుడు జేబులో పెట్టుకున్న ఆరు ఫొటోలు ఆ పెట్టె మొత్తానికి తాళంచెవి లాంటివి. వాటిని నేనే కుప్పల్లో కలిపేశాను.

వచ్చిన వరుసను చెడగొట్టకూడదని, ఒకరి కాగితాలను మరొకరి కాగితాలతో కలపకూడదని ఆర్కైవ్ వృత్తిలో పాత సూత్రాలే ఉన్నాయి. ఫ్రాన్సులో 1841లోనే ప్రభుత్వ దస్తావేజుల భద్రతకు ఈ రెండోదాన్ని ఆదేశంగా జారీ చేశారు. కుటుంబం ఇచ్చిన వరుస మనకు అస్తవ్యస్తంగా కనిపించినా దాన్ని అలాగే ఉంచి, మనకు కావలసిన విభజనలను క్యాటలాగ్‌లో చేసుకోవాలి. విషయాల వారీ జాబితా కంప్యూటర్‌లో ఎన్ని రకాలుగా అయినా తయారుచేసుకోవచ్చు. పెట్టెలో వరుస మాత్రం ఒక్కటే.

రాక గురించిన వాక్యం కూడా ఆ రోజే రాసుకోవాలి. బర్మా విషయంలో కనీసం రెండు వలసలను వేరు చేసి అడగాలి. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డ తర్వాత, 1942లో అడవుల వెంట, కొండల వెంట నడిచి వచ్చినవారు ఒక తరం; 1964 తర్వాత ఓడల్లో వచ్చినవారు మరో తరం. నడిచి వచ్చినవారి దగ్గర ఫొటో మిగిలిందంటే అది ఒంటి మీద గుడ్డలతో పాటు వచ్చినదై ఉంటుంది. కొందరు 1942లో వచ్చి, యుద్ధం ముగిశాక తిరిగి వెళ్లి, రెండోసారి శాశ్వతంగా వచ్చారు. "బర్మా నుంచి తెచ్చినవి" అన్న ఒక్క ముక్కతో సరిపెడితే ఈ తేడా మొత్తం పోతుంది.

వెనక్కి తిప్పి చదవడం

ఇంటి ఫొటోలో ముఖం కన్నా వీపే ఎక్కువ మాట్లాడుతుందని నా అభిప్రాయం. స్టూడియో ముద్ర, పెన్సిలుతో వేసిన సంఖ్య, ఎవరికి పంపారో ఆ పేరు, ఆల్బమ్ నుంచి పీకినప్పుడు మిగిలిన నల్ల కాగితం చిరుగు, ఇవన్నీ వెనకే ఉంటాయి. అందుకే ఏ ఫొటోనైనా రెండు వైపులా చూడకుండా ఒక్క అక్షరం కూడా క్యాటలాగ్‌లో రాయకూడదు.

ఒక ఉదాహరణను దగ్గర నుంచి చూద్దాం. మా పెట్టెలో పోస్టుకార్డు పరిమాణంలో, అంటే మూడున్నర అంగుళాల వెడల్పు, అయిదున్నర అంగుళాల పొడవున్న ఒక ఫొటో ఉంది. ముందువైపు కోటు వేసుకున్న పాతికేళ్ల యువకుడు, పక్కన స్టూలు మీద ఒక అమ్మాయి. వెనక సిరా కలంతో "రంగంలో తీయించినది. జయ సం." అని, దాని కింద గుండ్రటి అక్షరాల ఊదారంగు ముద్ర, ముద్ర పక్కన పెన్సిలుతో 1316 అని ఉంది. మాతో పనిచేసిన విద్యార్థి దీన్ని చూసి "రంగస్థలం మీద తీసిన ఫొటో, స్టూడియో వరుస సంఖ్య 1316" అని రాశాడు. నాటక తెరలు వేసినాయన ఫొటో కాబట్టి రంగం అంటే నాటకరంగమే అనుకోవడం సహజమే. మేము దాన్ని అలాగే టైపు చేసి, చదివి వినిపించడానికి ఆ ఇంటికి వెళ్లాం. చిత్రకారుడి భార్య, ఆ ఇంటి మామ్మగారు నవ్వేశారు. "ఏటి నాటకం బాబూ? రంగమంటే రంగూను. మీకు తెలీదేటి?"

ఉత్తరాంధ్రలో రంగూన్‌కు రంగం అన్నదే వాడుక. రంగం వెళ్లాడంటే సముద్రం దాటి పనికి పోయాడని అర్థం. భీమునిపట్నం నుంచి, కాకినాడ నుంచి, ఇటు విశాఖపట్నం నుంచి పడవెక్కిన వేలమందికి అది ఊరి పేరే. ఆ ఒక్క మాట సరిగ్గా చదివాక మిగతావన్నీ వాటంతటవే విడిపోయాయి. గుండ్రటి అక్షరాలు అరిగిపోయిన తెలుగు కాదు, బర్మీస్ లిపి. రెండూ బ్రాహ్మీ నుంచి వచ్చినవే కాబట్టి మసకబారిన ముద్రలో ఒకదాన్ని మరొకటిగా పొరబడటం తేలిక. 1316 వరుస సంఖ్య కాదు, బర్మా శకం. ఆ శకం సంవత్సరానికి 638 కలిపితే క్రీస్తు శకం వస్తుంది, అంటే 1954 ఏప్రిల్ మధ్య నుంచి 1955 ఏప్రిల్ మధ్య దాకా. మన పంచాంగంలో జయ నామ సంవత్సరం కూడా 1954 ఉగాదితో మొదలైందే. రెండు లెక్కలూ ఒకచోట కలిశాయి కాబట్టి "1954–55, రంగూన్" అని ధైర్యంగా రాయగలిగాం. ఒక్క జయ మాత్రమే ఉండి ఉంటే ఆ ధైర్యం చేయకూడదు, ఎందుకంటే అరవై ఏళ్లకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది. బట్టలు, కాగితం, మనిషి వయసు చూసి ఏ జయో తేల్చుకోవాలి.

వెనక ఉన్న రాతను క్యాటలాగ్‌లోకి ఎక్కించేటప్పుడు అక్షరదోషాలతో సహా ఉన్నదున్నట్టు దింపాలి. అర్థం వివరణలో విడిగా రాయాలి. ఊళ్ల పేర్లకూ ఇదే పద్ధతి. ఫొటో మీద రంగూన్ అని ఉంటే రంగూన్ అనే రాసి, పక్కన నేటి పేరు యాంగోన్ చేర్చాలి. వాల్తేరు అని ఉంటే దాన్ని విశాఖపట్నంగా దిద్దకూడదు. బర్మావాళ్లు తెలుగువారిని కోరంగి రేవు పేరు మీద కొరంగీలు అనేవారు, ఆ మాటలో చిన్నచూపు కూడా చేరింది. ఏదైనా ఫొటో కింద ఆ మాట అచ్చయి ఉంటే దాన్ని ఉటంకించాలి గానీ, మన సొంత వాక్యంలో వాడకూడదు.

ముందువైపు ఏం చూడాలి

మనుషుల ముఖాల మీదికి కన్ను ముందే పోతుంది. దాన్ని ఆపి, అంచుల నుంచి లోపలికి చూడటం అలవాటు చేసుకోండి. చెంపల మీద తెల్లటి పూత కనిపిస్తే అది పౌడరు కాకపోవచ్చు, బర్మాలో చెట్టు బెరడు అరగదీసి పూసుకునే తనకా కావచ్చు. లుంగీ ముడి ఎక్కడుంది, గొడుగు ఎలాంటిది, కుర్చీ వెదురుదా టేకుదా అన్నవి చోటును సూచిస్తాయి, నిరూపించవు. బర్మా గొడుగు పట్టుకుని విశాఖ స్టూడియోలో దిగినవారూ ఉన్నారు.

చిత్రకారుడి ఇంటి ఫొటోల్లో అందరూ వదిలేసేది మనుషుల వెనకున్న తెర. ఇందాక చెప్పిన పోస్టుకార్డు ఫొటోలో ఆ ఇద్దరి వెనక మెట్ల వరుస, రాతి కుండీ, దూరంగా గోపురం ఉన్న ఒక చిత్రించిన తెర ఉంది. భూతద్దం పెట్టి చూస్తే కుడివైపు కింద గుడ్డ ముడుచుకుపోయి, తెర చివరన దిగ్గొట్టిన మేకు తల కూడా కనిపిస్తుంది. అదే తెర ఇంకో మూడు ఫొటోల్లో, వేరే వేరే మనుషుల వెనక ఉంది. అది తన భర్త చేతిపని అనీ, స్టూడియోకు తెర వేసి ఇచ్చినందుకు కూలికి బదులుగా ఆ ఫొటోలు తీశారనీ మామ్మగారు చెప్పారు. ఆయన రంగూన్‌లో వేసిన వాటిలో ఒక్క తెర గుడ్డ కూడా ఈ గట్టుకు చేరలేదు. ఆ నాలుగు కుటుంబ ఫొటోలే ఇప్పుడు ఆయన కళకు దాఖలా. కాబట్టి ప్రతి ఫొటో వివరణలో, ఎంతమంది ఉన్నారు, ఎవరు ఎక్కడ నిలబడ్డారు అన్నదాని తర్వాత "నేపథ్యం" అనే గడి తప్పక పెట్టండి; అందులో తెర, గోడ మీది పటం, బల్ల మీది కుంచె డబ్బా, ఏది ఉంటే అది రాయండి. ఒకే తెర ఉన్న ఫొటోలను సంఖ్యలతో ఒకదానికొకటి ముడిపెట్టండి.

ఇంటివాళ్లు కానివారి పేర్లు కూడా అడగాలి. ఆస్ట్రియా చిత్రకారిణి మరీ-లూయీజ్ ఫాన్ మోటెసిట్స్కీ ఉదాహరణ ఇక్కడ పనికొస్తుంది. ఆమె 1906లో వియన్నాలో పుట్టింది, జర్మన్ చిత్రకారుడు మాక్స్ బెక్‌మన్ దగ్గర చిత్రకళ నేర్చుకుంది. 1938 మార్చిలో నాజీలు ఆస్ట్రియాను కలుపుకోగానే తల్లితో కలిసి నెదర్లాండ్స్‌కు, 1939లో అక్కణ్నుంచి ఇంగ్లండ్‌కు వెళ్లిపోయింది. 1996లో లండన్‌లో మరణించింది. ఆమె కాగితాలూ ఫొటోలూ ఇప్పుడు అక్కడి టేట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. చిన్నప్పుడు పాలిచ్చి పెంచిన దాది మారీ హాప్ట్‌మన్ కూడా ఆ కుటుంబాన్ని వెతుక్కుంటూ ఇంగ్లండ్ చేరి వాళ్లతోనే ఉంది. "దాది", "పనిమనిషి" అని ఒక్క మాట రాసి వదిలేసే క్యాటలాగ్ అలాంటి మనిషిని మాయం చేస్తుంది. మన ఇళ్ల ఫొటోల్లో కూడా చివర, కాస్త ఎడంగా నిలబడి, సగం ముఖం కోసుకుపోయినవారు ఉంటారు. వారి పేరు ఇంట్లో ఎవరికో ఒకరికి గుర్తుంటుంది, అడిగితే చెబుతారు.

మోటెసిట్స్కీ ఫొటోలు మరో జాగ్రత్త కూడా నేర్పుతాయి. ఆమె అన్న కార్ల్ దేశం వదలలేదు. యూదులకు సాయం చేసినందుకు అరెస్టయి, 1943లో నాజీల ఆష్‌విట్జ్ నిర్బంధ శిబిరంలో మరణించాడు. ఆ సంగతి తెలిశాక అతని యవ్వనంలోని ఏ ఫొటో చూసినా మనకు ఆ ముగింపే కనిపిస్తుంది. అయినా ఫొటో వివరణలో మొదటి వాక్యం ఆ ముగింపు కాకూడదు. తోటలో కూర్చున్న యువకుడిని తోటలో కూర్చున్న యువకుడిగానే వర్ణించి, జీవిత విశేషాలను కుటుంబ పరిచయంలో చెప్పాలి. బర్మా కుటుంబాల్లోనూ దారిలో పోయినవారు ఉన్నారు. "1942 నడకలో చనిపోయిన చెల్లెలు" అని ఫొటో పేరుగా పెడితే ఆ పిల్ల గౌను, చేతిలోని బొమ్మ, పక్కనున్న నాయనమ్మ ఎవరికీ కనిపించరు.

వివరణ రాసే తీరు

ప్రతి ఫొటోకూ మూడు రకాల సమాచారాన్ని వేర్వేరుగా ఉంచండి: కంటికి కనిపించేది, ఫొటో మీద రాసి ఉన్నది, ఎవరో చెప్పినది. ఈ మూడింటినీ ఒకే వాక్యంలో కలిపేస్తే, పదేళ్ల తర్వాత వచ్చిన పరిశోధకుడికి ఏది ఎంతవరకు నమ్మాలో తెలియదు. చెప్పినవారి పేరు, ఫొటోలోని మనిషికి వారేమవుతారు, చెప్పిన తేదీ రాయాలి. "మామయ్య" అని రాసుకుంటే చాలదు. మన వరసల్లో మేనమామ వేరు, మామగారు వేరు, బావ తండ్రిని పిలిచే మామయ్య వేరు. ఎవరికి మామయ్యో అడిగి రాసుకోవాలి. తెలియనిచోట "గుర్తించలేదు" అని రాయడం పరువు తక్కువ కాదు. ఊహ రాయక తప్పదనుకుంటే "బహుశా" అన్న మాటతో పాటు ఆ ఊహకు కారణాన్ని కూడా రాయండి. క్యాటలాగ్ గడుల పేర్లకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఏడీ(జీ)ని అనుసరిస్తే, మొత్తం సేకరణ నుంచి పెట్టె, పెట్టె నుంచి పొర, పొర నుంచి ఫొటో అని మెట్లు దిగుతూ రాయవచ్చు. రేపు ఏ పెద్ద సంస్థతో జాబితాలు పంచుకోవలసి వచ్చినా ఇబ్బంది ఉండదు.

ముఖం గీకేసిన ఫొటోలు, కత్తెరతో ఒక మనిషిని కత్తిరించేసిన ఫొటోలు కూడా వస్తాయి. వాటిని అతికించవద్దు, కంప్యూటర్‌లో పూడ్చవద్దు. ఎవరు, ఎందుకు అని మొదటి రోజే అడగవద్దు కూడా. మూడోసారి వెళ్లినప్పుడు వాళ్లే చెబుతారు, చెప్పకపోతే అది వాళ్ల ఇష్టం.

ఉప్పుగాలి, తేమ, తుపాను

ఫొటోలకు 30 నుంచి 50 శాతం మధ్య గాలి తేమ క్షేమం. విశాఖలో అది తరచూ 70 దాటుతుంది, పైగా సముద్రపు ఉప్పు. నలుపు తెలుపు వెండి ఫొటోల్లో నల్లటి భాగాల అంచున నీలిరంగు అద్దంలా మెరుపు కనిపిస్తే అది తేమకు వెండి పైకి తేలిన గుర్తు. దాన్ని తుడిచితే బొమ్మే పోతుంది. ఏసీ పగలు వేసి రాత్రి ఆపేసే గది కన్నా, ఏసీ లేకపోయినా ఎండా వానా తగలని లోపలి గది మేలు, ఎందుకంటే రోజూ చల్లబడి వేడెక్కడం ఫొటోను ఎక్కువ దెబ్బ తీస్తుంది. బయటి గోడకు ఆనుకున్న బీరువా వద్దు. ఫొటోలు విప్పి చూసే పని వీలైతే డిసెంబర్, ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి.

కలరా ఉండలు వేయవద్దు. వాటి ఆవిరి ఫొటోలకూ ప్లాస్టిక్‌కూ మంచిది కాదు, పని చేసేవారి ఊపిరికీ మంచిది కాదు. ఎండు వేపాకు ఫొటోలకు తగిలేలా పెడితే మరకలు పడతాయి. బజారులో దొరికే పీవీసీ కవర్లు కాలక్రమంలో ఆమ్లం విడుదల చేసి ఫొటోకు అంటుకుపోతాయి. పాలిప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ కవర్లు, ఆమ్లం లేని కాగితం వాడండి. లామినేషన్ చేయించినది ఇక ఎప్పటికీ విడిపోదు కాబట్టి ఆ ఆలోచనే వద్దు. 1970లు, 80లలో వచ్చిన జిగురు పేజీల ఆల్బమ్ నుంచి ఫొటో రాకపోతే, మైనం లేని పళ్ల దారాన్ని (డెంటల్ ఫ్లాస్) ఫొటోకూ పేజీకీ మధ్య రంపంలా మెల్లగా లాగి విడదీయవచ్చు. అప్పటికీ రాకపోతే పేజీతో సహా ఉంచేయండి. గోడకు వేలాడి, దండలు పడి, అద్దం మీద కుంకుమ బొట్టు ఉన్న పటాలలో ఫొటో తరచూ అద్దానికి అతుక్కుని ఉంటుంది. పీకవద్దు, అద్దంతో పాటే స్కాన్ చేయండి. బొట్టు కూడా తుడవవద్దు. ఆ మనిషిని ఇల్లు ఎలా తలుచుకుందో అది చెబుతుంది.

వెనక సంఖ్య వేయాలంటే మెత్తటి 2బీ లేదా 4బీ పెన్సిలుతో, ఫొటోను శుభ్రమైన గాజు పలక మీద బోర్లించి, అంచున తేలికగా రాయాలి. 1970ల తర్వాతి ప్లాస్టిక్ పూత కాగితం మీద పెన్సిలు నిలవదు. అప్పుడు కవరు మీద రాయండి. నెగెటివ్‌ల దగ్గర పుల్లటి వాసన వస్తే అసిటేట్ ఫిల్మ్ చెడుతోందని అర్థం, వాటిని వెంటనే విడిగా పెట్టాలి. 1950లకు ముందరి ఫిల్మ్ నైట్రేట్ కావచ్చు. అది మంటకు తేలికగా అంటుకునే పదార్థం. అనుమానం ఉంటే ఎండ తగిలే చోట, మూసిన రేకు డబ్బాలో ఉంచకుండా నిపుణులకు చూపించండి.

తుపాను సంగతి విడిగా చెప్పక తప్పదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ ఊరి మీద తీరం దాటినప్పుడు అద్దాలు పగిలి, వాన గదుల్లోకి కొట్టింది. తడిసిన ఫొటోలను ఒకదానికొకటి అంటుకుని ఆరనివ్వడం అన్నిటికన్నా పెద్ద తప్పు. కాగితం మీది జెలటిన్ పొర జిగురులా మారి ఇక విడిపోదు. వాటిని శుభ్రమైన చల్లటి నీళ్లలో ఉంచి, మెల్లగా విడదీసి, బొమ్మ పైకి వచ్చేలా పరిచి, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా ఆరనివ్వాలి. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది. అంతలో అన్నీ ఆరబెట్టలేకపోతే మధ్య మధ్య మైనపు కాగితం పెట్టి ఫ్రీజర్‌లో పెట్టమని పుస్తకాల్లో ఉంటుంది గానీ, హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. అందుకని మన ఊరికి ఫ్రీజర్ మీద ఆధారపడే ప్రణాళిక పనికిరాదు. పెట్టెలను నేల మీద కాకుండా, కిటికీకి దూరంగా ఉంచి, స్కాన్ కాపీ ఒకటి వేరే ఊళ్లో దాచడమే నిజమైన రక్షణ. చేతితో రంగులు అద్దిన ఫొటోలను మాత్రం నీళ్లలో వేయకూడదు, ఆ రంగులు కరిగిపోతాయి.

స్కానింగ్, హక్కులు, తిరిగి ఇంటికి

స్కానింగ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), 24 బిట్ కలర్, టిఫ్ ఫార్మాట్. నలుపు తెలుపు ఫొటోనైనా రంగులోనే తీయండి, లేకపోతే సిరా రంగు, కుంకుమ, పసుపు మరక పోతాయి. పోస్టుకార్డు పరిమాణం ఫొటో ఒక వైపు దాదాపు 21 ఎంబీ అవుతుంది. రెండు వైపులా తీసినా 140 ఫొటోలు ఆరు జీబీ లోపే, అంటే చోటు లేదన్న సాకుకు అవకాశం లేదు. ఫైలు పేరు పెట్టె, పొర, ఫొటో, ముందా వెనకా అన్న వరుసలో 01-03-014-1 లాగా ఉంటే చాలు. మనుషుల పేర్లు ఫైలు పేరులో వద్దు, రేపు గుర్తింపు మారవచ్చు. బంధువులు వాట్సాప్‌లో పంపిన ఫొటో కుదించినదై ఉంటుంది కాబట్టి దాన్ని ఆధారంగా ఉంచుకోండి గానీ, అసలు కాపీగా లెక్కించవద్దు.

ఫొటో చేతికి రావడం వేరు, దాన్ని ప్రచురించే హక్కు రావడం వేరు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బు చెల్లించి తీయించుకున్న ఫొటో మీద తొలి హక్కు తీయించుకున్నవారిదే. మిత్రుడు సరదాగా తీసినది తీసిన మనిషిది. 2012 సవరణ ఫొటోలకు ఉన్న ప్రత్యేక గడువును తొలగించింది కాబట్టి ఇప్పుడు ఇతర కళాకృతుల లాగానే తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు లెక్క. అందువల్ల తీసుకునే పత్రంలో రెండు మాటలూ విడివిడిగా రాయించుకోండి: ఫొటోలు ఇస్తున్నారా లేక స్కాన్ చేసుకోనిచ్చి వెనక్కి తీసుకుంటున్నారా, ఇంటర్నెట్‌లో పెట్టడానికి ఒప్పుకుంటున్నారా లేదా. సంతకం పెట్టే కొడుకుతో పాటు కూతుళ్లకూ చెప్పాలి. ఫొటోల సంగతి ఎక్కువగా తెలిసేది వాళ్లకే. బతికి ఉన్నవారి పెళ్లి ఫొటోలు, పసిపిల్లల ఫొటోలు బయట పెట్టే ముందు వారినే అడగండి.

పని పూర్తయ్యాక కుటుంబానికి పెన్‌డ్రైవ్ ఒకటి ఇచ్చి ఊరుకోవద్దు. పెద్దక్షరాలతో సంఖ్యలు వేసిన కాగితపు ప్రింట్లు ఒక ఫైలులో పెట్టి ఇవ్వండి. పెద్దవారు తిరగేసేది దాన్నే. మేము ఇచ్చిన ఫైలును మామ్మగారు నెల రోజులు దిండు పక్కన పెట్టుకుని, ఫోను చేయించి, 43వ ఫొటోలో గొడుగు పట్టుకున్నది తన ఆడపడుచు కాదనీ, పక్కింటి బర్మా అమ్మాయి అనీ చెప్పారు. అలాంటి సవరణ వచ్చినప్పుడు పాత వాక్యాన్ని చెరిపేయకుండా దాని కిందనే కొత్త మాటను, చెప్పినవారి పేరును, తేదీని చేర్చి, ప్రింటు మీద కూడా పెన్సిలుతో ఆ పేరు రాసి వెనక్కి ఇవ్వాలి.